కూరగాయల తడి చెత్త, నాచు వేడినీళ్లలో పెట్టి నూనె తీయడం మన విశాఖలో కుదురుతుందా?

పూర్ణామార్కెట్ కుర్రాడు:

మా నాన్నకి పూర్ణామార్కెట్‌లో కూరగాయల కొట్టు. రాత్రి కట్టేసే వేళకి క్యాబేజీ రెక్కలు, చితికిన టమాటాలు, కాలీఫ్లవర్ కాడలు ఓ మూల గుట్టపడతాయి. వాన పడిందంటే ఆ గుట్ట అడుగు నుంచి పసుపుపచ్చ నీళ్లు కారి, కాలు పెట్టడానికి చోటుండదు. నేను డిప్లొమా మెకానికల్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు ఆ చెత్త మీదే చేయాలని పట్టుదలగా ఉంది.

హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ అనే పద్ధతి గురించి చదివాను. తడి చెత్తనైనా నాచునైనా ఆరబెట్టకుండానే బాగా వేడెక్కిన నీళ్లలో, ఒత్తిడి మీద ఉంచితే ముడిచమురు లాంటి నూనె వస్తుందట. అన్ని నీళ్లుండగా నూనె ఎలా వస్తుందో అర్థం కాలేదు. మందపాటి స్టీలు పైపుకి రెండు వైపులా మూతలు వెల్డింగ్ చేయించి, కాలేజీ వర్క్‌షాపులో చిన్నది చేసి చూడొచ్చా? తెన్నేటి పార్కు కింద సముద్రపు రాళ్ల మీద నాచు బోలెడుంటుంది, అదీ కలపొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గాజువాక రిటైర్డ్ ఆపరేటర్:

తమ్ముడూ, ముందు ఆ పైపు సంగతి. దయచేసి ఆ పని చేయకు. నా సర్వీసంతా హైప్రెషర్ లైన్ల మధ్యే గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

ఇంట్లో కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఒత్తిడి బయటి గాలి కంటే ఒక బార్ ఎక్కువ, అంతే (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). నువ్వు చదివిన పద్ధతికి 300 నుంచి 350 డిగ్రీలు కావాలి. 300 దగ్గర నీరు నీరుగానే ఉండాలంటే 86 బార్లు, 350 దగ్గరైతే 165 బార్లు. దానికంటే ప్రమాదమైనది ఇంకోటుంది. మామూలు వేడిలో లీటరున్న నీరు 300 డిగ్రీలకి 1.4 లీటర్లవుతుంది. పైపు నిండా పోసి మూతలు బిగించావనుకో, వేడెక్కడం మొదలైన దగ్గర్నుంచే నీటికి చోటు చాలదు. ఒక్కో డిగ్రీకీ కొన్ని బార్ల చొప్పున ఒత్తిడి ఎగబాకుతుంది. గేజీలో ముల్లు చూసి మంట తగ్గిద్దామనుకునేలోపే వెల్డు విడిపోవచ్చు. అందుకే ల్యాబుల్లో ఆటోక్లేవుని, అంటే ఒత్తిడి తట్టుకునేలా చేసిన పాత్రని, పైన ఖాళీ వదిలి నింపుతారు, రప్చర్ డిస్క్ (ఒత్తిడి హద్దు దాటితే ముందుగా తనే చిరిగి దాన్ని బయటికి వదిలే రేకు) లేకుండా స్విచ్ వేయరు.

ఇక నీ అసలు ప్రశ్న. 300 డిగ్రీల దగ్గర నీటి స్వభావమే మారిపోతుంది. మామూలుగా కొవ్వుని దగ్గరికి రానివ్వని నీరు, అక్కడ దాన్ని తనలో కలుపుకుంటుంది. పీచు, మాంసకృత్తులు, కొవ్వు అన్నీ ముక్కలవుతాయి, ఆ ముక్కలు మళ్లీ అతుక్కుంటాయి, ఆక్సిజన్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. చల్లార్చాక నల్లటి చిక్కటి నూనె నీటి నుంచి వేరుపడుతుంది.

ఆరబెట్టకపోవడం ఎందుకంత ముఖ్యమో లెక్క చూడు. 30 డిగ్రీల నీటిని కిలో ఆవిరి చేసి పంపాలంటే సుమారు 2,550 కిలోజౌళ్లు. అదే నీటిని ఒత్తిడి మీద నీరుగానే ఉంచి 300కి తీసుకెళ్లడానికి 1,220 చాలు. పైగా హీట్ ఎక్స్‌ఛేంజర్ (బయటికెళ్లే వేడి సరుకు నుంచి వేడిని లాగే పరికరం) పెడితే ఆ వేడిలో చాలా భాగాన్ని లోపలికొచ్చే చల్లటి సరుక్కి ఎక్కించొచ్చు. ఈ పద్ధతి గొప్పదనమంతా ఇక్కడే ఉంది.

ఎంవీపీ కాలనీ నాచు పరిశోధకురాలు:

అన్నగారు చెప్పిన జాగ్రత్త అక్షరాలా పాటించు తమ్ముడూ. నాచు సంగతి నేను చెబుతాను, నా పీహెచ్‌డీ దాని మీదే.

2013 డిసెంబరులో అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ, తడి నాచుని గంట లోపే ముడిచమురుగా మార్చామని ప్రకటించింది. సుమారు 350 డిగ్రీలు, 3,000 పీఎస్ఐ ఒత్తిడి, అంటే సుమారు 207 బార్లు. నువ్వు చదివింది బహుశా అక్కడి నుంచి వచ్చిందే. కానీ ఇలాంటి పనికి వాడేది ఎక్కువగా కంటికి కనపడని సూక్ష్మ నాచు. పెంచే తీరుని బట్టి అందులో కొవ్వు బాగా ఉంటుంది. తెన్నేటి పార్కు రాళ్ల మీద కాలు జారే ఆ పచ్చటిది అల్వా జాతి. కొవ్వు చాలా తక్కువ, ఉప్పు, ఇసుక ఎక్కువ. వేడి నీటిలో ఉప్పులోని క్లోరైడు ఉంటే, తుప్పుని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా పగుళ్లిస్తుంది, ఇసుక వాల్వుల్ని కోసేస్తుంది. దాన్ని రాళ్ల మీదే ఉండనీ, చిన్న చిన్న పీతలు దాని మీదే బతుకుతాయి.

నూనె రాగానే పని అయిపోదు. మాంసకృత్తుల్లోని నత్రజని నూనెలోకి వస్తుంది. దాన్ని తీయడానికి రిఫైనరీలో హైడ్రోజన్ బాగా ఖర్చవుతుంది. విడిగా మిగిలిన నీళ్లలో ఫినాల్ లాంటి విష పదార్థాలు ఉంటాయి, వాటిని కాలవలో వదలకూడదు. వాసన సంగతీ తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం కార్తేజ్ ఊళ్లో టర్కీ కోళ్ల వ్యర్థాలతో ఇలాంటి ప్లాంటే పెట్టారు. ఊరివాళ్లు వాసన భరించలేక ఫిర్యాదులు చేస్తే 2005 చివర్లో కొన్నాళ్లు ఆపించారు. 2009లో ఆ కంపెనీ దివాలా తీసింది. ఊరి మధ్య ఉన్న మార్కెట్లో పెడదామనుకునేవాళ్లు ఇది తప్పక చదవాలి.

గోపాలపట్నం రైతు బిడ్డ:

మార్కెట్ చెత్తకి బయోగ్యాసే సరి. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) టెక్నాలజీతో రోజుకి 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021లో వార్తలొచ్చాయి. ఆ ప్లాంటు ఒకసారి చూసి రా బ్రో.

పూర్ణామార్కెట్ కుర్రాడు:

అందరికీ థాంక్స్. పైపు ఆలోచన మానేశాను. అక్కా, అన్నా, మరి ఈ ప్రాజెక్టు మొత్తం వదిలేయాలా?

గాజువాక రిటైర్డ్ ఆపరేటర్:

వదలొద్దు, కాగితం మీద చెయ్యి. క్యాబేజీలో 90 శాతం పైగా నీళ్లే. టన్నులో ఘనపదార్థం వంద కిలోలనుకుందాం. పిండి, పీచు నుంచి నూనె తక్కువ వస్తుంది, అందులో ఐదోవంతు వచ్చినా 20 కిలోలే. కాబట్టి మార్కెట్ చెత్త విషయంలో పైన బయోగ్యాస్ అన్న తమ్ముడితో ఏకీభవిస్తాను. కానీ మురుగుశుద్ధి ప్లాంటు బురద వేరు. అందులో కొవ్వు, సూక్ష్మజీవుల మాంసకృత్తులు ఉంటాయి, ఎలాగూ తడిగానే ఉంటుంది, పారేయడానికే ఖర్చవుతుంది. ఈ పద్ధతి నిజంగా పనికొచ్చేది అలాంటి చోట.

రెండిటినీ పోల్చు. మీ గైడ్ చేత లెటర్ రాయించి అప్పుఘర్ మురుగుశుద్ధి ప్లాంటు నుంచి బురద శాంపిల్ అడుగు. మార్కెట్ చెత్త కొంచెం, బురద కొంచెం విడివిడిగా తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా అయ్యేదాకా ఉంచు. ఆ పొడిని 550 డిగ్రీల ఫర్నేస్‌లో పెట్టి బూడిద ఎంతో చూడు. తేమ, బూడిద తెలిస్తే వేడి లెక్కలు కట్టొచ్చు. అంకెలు ఇక్కడ పెట్టు, హీట్ ఎక్స్‌ఛేంజర్ సైజు ఎలా కట్టాలో నేను నేర్పుతాను.