‘బతుకును చిత్రిక పట్టాడు’ అనొచ్చా?

ప్రశ్న: మా నాన్న వడ్రంగి. ఆయన పోయి ఏడాది కావస్తోంది. చుట్టాలకూ, ఆయనతో కలిసి పనిచేసినవాళ్లకూ ఇవ్వడానికి చిన్న పుస్తకం వేస్తున్నాం. నా వ్యాసం ఇలా మొదలవుతుంది: ‘రెక్కాడితే గాని డొక్కాడని బతుకును ఓపిగ్గా చిత్రిక పట్టిన మనిషి మా నాన్న.’ మా తమ్ముడు చదివి, చిత్రిక పట్టడమంటే బొమ్మ గీయడం కదా, ఇక్కడ ఎలా నప్పుతుంది అంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: మీ తమ్ముడిని అని లాభం లేదు. పుస్తక సమీక్షలు చదివేవాళ్లు చాలామంది అలాగే అనుకుంటున్నారు. ‘పల్లె జీవితాన్ని చిత్రిక పట్టిన నవల’ అని రాసీ రాసీ ఆ మాటకు చిత్రించడం అనే అర్థం అంటగట్టారు. చిత్రిక అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు. కొన్నిచోట్ల తోపడ అంటారు, కొన్నిచోట్ల రందా. అడుగున సన్నటి సందు, అందులోంచి వెంట్రుకవాసి బయటికొచ్చిన బ్లేడు. తోసేకొద్దీ చెక్క పైపొర చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. బొమ్మ గీసేవాడు లేనిదాన్ని చేరుస్తాడు, చిత్రిక పట్టేవాడు ఉన్నదాంట్లో అక్కర్లేనిది తీసేస్తాడు. గరుకుగా దొరికిన బతుకును నునుపు చేసుకున్నాడనే కదా మీరు చెప్పదలచుకున్నది? మాట సరిగ్గా కుదిరింది.

నాకు నచ్చనిది వాక్యంలో ముందు సగం. ఏ రోజు కూలి ఆ రోజు తిండికే సరిపోయే మనిషి గురించి అనే మాట అది. రెక్క అంటే చెయ్యి, డొక్క అంటే కడుపు. వార్తల్లో వాడీ వాడీ అది పేదరికానికి ముద్ర అయిపోయింది. చేతిలో విద్య ఉన్నవాడికి ఆ ముద్ర వేస్తే, విద్య కనబడకుండా పోయి ఆకలి ఒక్కటే మిగులుతుంది. ‘రెక్కల కష్టం’ అనండి, చాలు.

మరొకరు: భాష మారదా అండీ? అంతమంది చిత్రించడం అనే అర్థంలో వాడుతుంటే అదీ అర్థమే. పదును కత్తికే అనుకుంటే బుద్ధికి పదును ఎలా పెడతాం?

జవాబు: బుద్ధికి పెట్టినా పదును పదునే. ఇక్కడ పనిముట్టే మాయమైపోయింది. సమీక్షల్లో ఎలాగైనా రాసుకోనివ్వండి, వడ్రంగి గురించి రాసేటప్పుడైనా చిత్రికను ఆయన చేతిలో ఉండనివ్వాలి.

అడిగినవారు: చేతిలో అంటే గుర్తొచ్చింది. పని మొదలుపెట్టే ముందు నాన్న చిత్రికను తలకిందులు చేసి, ఒక కన్ను మూసి, అడుగు వెంబడి చూసేవాడు. బ్లేడు ఒక పక్కకు ఎక్కువ లేచి ఉంటే సుత్తితో చిన్నగా ఒక దెబ్బ, మళ్లీ చూపు. ఎదురు తోస్తే చెక్క రేగిపోతుందని, నార ఎటు వాలిందో చూసుకుని అటే తోసేవాడు. నా పరీక్ష అట్ట కూడా మిగిలిన ప్లైవుడ్ ముక్కతో ఆయన చేసిందే. అంచులకు చిత్రిక పట్టి, నాలుగువైపులా అరచేత్తో తడిమి చూసి, అప్పుడు ఇచ్చాడు. ఇలాంటివి గుర్తొస్తున్నాయి గానీ సంసారం గురించి రాయబోతే కలం కదలడం లేదు. ‘కుటుంబ బాధ్యతలు సక్రమంగా నెరవేర్చారు’ అని రాశాను. ఆఫీసు సర్టిఫికెట్‌లా ఉంది.

జవాబు: బాధ్యతల వాక్యం కొట్టేసి ఆ అట్ట సంగతి రాయండి. ‘చేవ’ అనే మాట కూడా మీకు పనికొస్తుంది. మానులో లోపలి గట్టి భాగం చేవ. పైనున్న మెత్తటి కలపకు చెద పట్టినంత తేలిగ్గా దానికి పట్టదు. మనిషికి చేవ ఉందన్నప్పుడూ ఆ గట్టిదనమే. అయితే ‘చేవ గల తండ్రి’ అని ఊరికే రాసేస్తే ఉపన్యాసంలా ఉంటుంది. ఆయన కలపలో చేవను ఎలా గుర్తుపట్టేవాడో చెప్పండి, మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇంకొకరు: పుస్తకం అట్ట మీద వేమన పాదం వేస్తే? ‘సాధనమున పనులు సమకూరు ధరలోన.’ సాధనమంటే పనిముట్టే కదా!

జవాబు: ఆ పద్యంలో సాధనం అంటే అభ్యాసం. పై పాదాలు చూడండి: ‘అనగ ననగ రాగ మతిశయిల్లుచు నుండు, తినగ తినగ వేము తియ్యనుండు’. చేయగా చేయగా పట్టుబడుతుందనే వరస. అయినా వేయండి. వడ్రంగి పుస్తకం మీద చూసినవాళ్లకు రెండో అర్థం దానంతట అదే తడుతుంది. వేమన కాదనడు లెండి.

అడిగినవారు: సంతోషం. రెక్కాడితే డొక్కాడే సగం తీసేస్తున్నాను. శీర్షిక ‘ఒక పనిమంతుడి జీవితం’ అనుకుంటున్నాం.

జవాబు: అది మాత్రం వద్దండీ. పనిమంతుడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందని సామెత. మంచి మాటే గానీ సామెత దాన్ని పాడు చేసింది, పుస్తకం తెరవకముందే ఎవరో ఒకరు నవ్వుతారు. ‘చెయ్యి తిరిగిన పనివాడు’ అని పెట్టుకోండి.