అప్‌డేట్: గేర్లు పీకేశాను, సైకిల్ నడుస్తోంది

పోయిన నెల అడిగాను కదా, 21 గేర్ల సైకిల్‌కి వెనక డిరైలర్ (గేర్ మారేటప్పుడు చైన్‌ని పక్కకి జరిపేది) విరిగిపోయింది, ఇంట్లోనే సింగిల్ స్పీడ్, అంటే ఒకే గేర్ సైకిల్, చేసుకోవచ్చా అని. చేసేశాను. కానీ ఒక్క పూట పని అన్నవాళ్లకి ఓ దండం. నాకు మూడు ఆదివారాలు పట్టింది.

కేబుళ్లు, షిఫ్టర్లు (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీటలు) అరగంటలో ఊడొచ్చాయి. పాత ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) మాత్రం తుప్పుపట్టి కదల్లేదు. చివరికి మా విజయనగరం కంటోన్మెంట్‌లో గ్రిల్స్ చేసే బాబాయ్ దగ్గర ఓపెనర్‌ని (ఫ్రీవీల్ విప్పే పనిముట్టు) వైస్‌లో బిగించి, దానిమీద చక్రాన్ని పడుకోబెట్టి, లారీ స్టీరింగ్‌లా ఎడమకి తిప్పాం. టక్కుమంది. నా గుండె కూడా.

అసలు బోల్తా పడింది చైన్ దగ్గర. గంటస్తంభం దగ్గర కొన్న 18 పళ్ల ఫ్రీవీల్ మామూలు సైకిళ్లది, పళ్లు మందం. గేర్ల చైన్ సన్నం. పళ్ల మీద కూర్చోకుండా పైపైనే జారిపోయేది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఆదివారం మిగిలేది! వెడల్పు చైన్ కొని, పెడల్స్ దగ్గరున్న మూడు పళ్ల చక్రాల్లో మధ్యదానికి (38 పళ్లు) వేస్తే తిన్నగా వచ్చింది. ఇరుసు గాడి ఏటవాలుగా ఉంది కాబట్టి చక్రాన్ని వెనక్కి లాగితే చైన్ బిగిసింది, చైన్ బిగించే టెన్షనర్ విడిగా కొనక్కర్లేకపోయింది.

నిన్న రామతీర్థం వెళ్లొచ్చాను. ఎదురుగాలికి కాస్త ఆయాసం, అంతే. పాత షిఫ్టర్లు ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.