ఈ వారం సమస్య: చెలఁగి గాలి వీచఁ జెమట పట్టె

నిర్వహణ (మల్కాజిగిరి నుంచి):
అందరికీ నమస్కారం. పోయిన వారం నేను హైదరాబాదులో లేను. వేటపాలెంలో మా అత్తగారింట్లో ఉన్నాను. ఫాల్గుణం చివరి రోజులు కదా, ఆ వారం వాతావరణం గురించి కాస్త చెప్పాలి. ఈ సమస్య అక్కడ పుట్టిందే.

దిగిన రోజు పొద్దున ఎనిమిది దాకా మంచు. ఎదురింటి జీడిమామిడి చెట్టు కూడా కనపడలేదు. సోమ, మంగళవారాలు మామూలే. పదకొండు దాటగానే తూర్పు నుంచి సముద్రపు గాలి, సాయంత్రానికి పైరగాలి. బుధవారం మాత్రం పడమటి గాలి పట్టు వదల్లేదు. సముద్రపు గాలి మూడింటికి గానీ ఊళ్ళోకి రాలేదు. వచ్చాకైనా సుఖం ఉందా? గోడ మీది క్యాలెండర్ టపటపా కొట్టుకుంటోంది, నా చొక్కా మాత్రం వీపుకి అంటుకునే ఉంది. గురువారం సాయంత్రం మబ్బేసి, ఈదురు గాలి వచ్చి, నాలుగు చినుకులు పడ్డాయి. శుక్రవారం ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. శనివారం రైలెక్కాను. సికింద్రాబాదులో దిగేసరికి పెదాలు పగిలాయి.

బుధవారం రాత్రి మిద్దె మీద పడుకుని అనుకున్న పాదం ఇది. ఆటవెలది నాలుగో పాదం:

*చల్లగాలి వీచి చెమట పట్టె*

ముందు మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదం అర్థం పొసిగేలా పూరించండి. అరసున్నలు మీ ఇష్టం, గణాలూ (లఘుగురువుల గుంపులు) యతీ (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) మాత్రం నా ఇష్టం.

మెహదీపట్నం మాస్టారు:
నాయనా, గణాలు సరే. ఐదు సూర్యగణాలూ కుదిరాయి. యతి ఏదీ? మొదటి అక్షరం 'చ', నాలుగో గణం మొదట 'చె'. హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. అకారానికి ఎకారంతో మైత్రి లేదు. ఇంకోటి, గాలి 'వీచి' చెమట 'పట్టె' అన్నావు. వీచేది గాలి, పట్టేది చెమట. కర్తలు వేరైనప్పుడు క్త్వార్థం ('వీచి', 'చేసి' లాంటి రూపం) కుదరదు. 'వీచన్' అనాలి.

నిర్వహణ:
ఒక్క పాదంలో రెండు తప్పులు, అదీ నిర్వాహకుడివి! చెంపలేసుకున్నాను మాస్టారూ. ఇలా మారుస్తున్నాను:

*చెలఁగి గాలి వీచఁ జెమట పట్టె*

చె–జె యతి. వీచన్ ద్రుతాంతం, అంటే చివర 'న్' ఉన్న మాట. దాని తర్వాత చ జగా మారుతుంది కాబట్టి చెమట 'జెమట' అయింది. 'చెమటఁ బట్టె' అని ఎవరూ రాయకండి. చెమట ఇక్కడ ప్రథమా విభక్తి, దాని వెనక ద్రుతం లేదు.

కూకట్‌పల్లి తమ్ముడు:
చెలఁగి అంటే చెలరేగి అనా అన్నా?

నిర్వహణ:
దగ్గర్లోనే ఉన్నావు. ఉత్సాహంగా, విజృంభించి అని. గాలి బాగా వీస్తే చెమట ఆరాలి, పట్టకూడదు. చిక్కు అక్కడుంది.

వనస్థలిపురం బాబాయి:
నీ బుధవారం రాత్రి నాకు తెలుసురా అబ్బాయ్. చీరాలలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. ఇదిగో:

గాలిలోనఁ దేమ కడలియే నింపఁగా
నారుటెట్టు లొంటి నంటు తడియు?
మిద్దె మీద రేయి మెలకువే మంచాన
చెలఁగి గాలి వీచఁ జెమట పట్టె.

నిర్వహణ:
చిక్కుని నేరుగా విప్పారు బాబాయ్. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆ ఆవిరి పోయే చోటు ఉండదు. మీ రెండో పాదం అదే చెప్పింది, అదీ ప్రశ్నగా చెప్పింది. 'నంటు తడియు' దగ్గర స్వరయతి (అచ్చుల మధ్య మైత్రి) చక్కగా పడింది.

ఒక్క చోట ఆగాను. 'మంచాన' ఏడో విభక్తి, ద్రుతాంతం. దాని తర్వాత 'జెలఁగి' అని రావాలి. అలా రాసినా నాకు అభ్యంతరం లేదు, సంధి వల్ల సమస్య పాదం మొదటి అక్షరం మారొచ్చు. లేదంటే మూడో పాదం కాస్త మారిస్తే సరి:

మిద్దె మీద రేయి మెలకువే నా తోడు

వనస్థలిపురం బాబాయి:
'నా తోడు' బాగుంది, తీసుకున్నా. మంచం పోయిందని మీ పిన్ని బాధపడుతోంది, నవ్వారు ఆవిడే అల్లింది మరి.

తార్నాక మిత్రుడు:
నాది పాత పద్ధతి. పాదాన్ని రెండు ముక్కలు చేశాను.

నావ కదలె నేల? నావికునకు నేల
తడిసె నుదురు? తెల్పఁ దరమె నీకు?
ప్రశ్న రెండు గాని పాద మొక్కటె చాలుఁ
జెలఁగి గాలి వీచఁ, జెమట పట్టె.

నిర్వహణ:
గణాలు, యతులు నిర్దోషం. ప్రశ్నోత్తరం పద్ధతిలో సమస్య విడిపోయింది. ఆ కామా ఒక్కటే పని చేసింది అనాలి. కానీ మిత్రమా, తెరచాపకి గాలి తగిలితే నావికుడికి పని తగ్గుతుంది కదా, నుదురెందుకు తడిసింది? రెండు జవాబులూ విడివిడిగా నిజం, కలిపి చూస్తే మళ్ళీ అదే సమస్య. దాన్ని విప్పడం కాదు, పక్కకి తప్పుకోవడం ఇది.

తార్నాక మిత్రుడు:
తెడ్డు వేసి అలిసిపోయాక గాలి వచ్చిందనుకోండి!

మెహదీపట్నం మాస్టారు:
పద్యంలో లేనిది అనుకోమంటే ఎలాగయ్యా.

రామంతపూర్ అక్కయ్య:
మాది బందరు పక్క. చిన్నప్పుడు గిలకలదిండి రేవు దగ్గర చూసిన దృశ్యం ఇది. ఒకావిడ కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. ఎవరు పిలిచినా పలకలేదు.

వేట కేగె మగఁడు వేకువఁ బడవపై
నింగి నల్లఁబడియె నిమిషమందు
నొడ్డు మీద నిలిచి యున్న యిల్లాలికిఁ
జెలఁగి గాలి వీచఁ జెమట పట్టె.

నిర్వహణ:
అక్కయ్యా, ఇది చదివి కాసేపు ఇంకో పద్యం చూడలేకపోయాను. చిక్కు ఎంత తేలిగ్గా విడిపోయిందో చూడండి. ఇక్కడ గాలి చల్లదనమా తేమా అన్న ప్రశ్నే లేదు. గాలి ఎంత చెలగితే చెమట అంత ఎక్కువ. సమస్యలో నేను విరోధం అనుకున్నది మీ పద్యంలో కారణమై కూర్చుంది.

కాలం కూడా సరిపోయింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. ఫాల్గుణంలో ఇంకా వేటకి వెళ్తూనే ఉంటారు, ఉన్నట్టుండి వచ్చే ఈదురు గాలులు కూడా అప్పుడే మొదలవుతాయి.

తప్పు వెతకమంటే 'నిలిచి యున్న'లో 'యున్న' కొంచెం నింపుడు మాట. యతి కోసం వచ్చింది. 'నిమిషమందు' కూడా అంతే అనబోయాను గానీ, గురువారం నేను చూసిన మబ్బు నిజంగా అంతే వేగంగా కమ్మింది. వదిలేస్తున్నా.

రామంతపూర్ అక్కయ్య:
మీరు చెప్పిన 'యున్న' నాకూ నచ్చలేదు. కొంగు సంగతి ఎక్కడైనా ఇరికిద్దామని చూశాను, పట్టలేదు.

మెహదీపట్నం మాస్టారు:
పట్టకపోవడమే మంచిదమ్మా. పద్యంలో ఆవిడ ఏమీ చేయదు, నిలబడుతుంది. అది చాలు.

కూకట్‌పల్లి తమ్ముడు:
నేను రాయడం ఇదే మొదటిసారి. టెన్షన్‌గా ఉంది. తిట్టకండి.

ఉగాది నాడు నేను ఎక్కితి వేపపై
బూతఁ గోయ నెంచి పొద్దు పొడువఁ
గొమ్మ చివరఁ జేరి కూర్చుండి చూడఁగాఁ
జెలఁగి గాలి వీచఁ జెమట పట్టె.

నిర్వహణ:
తిట్టడమా! కొమ్మ చివర కూర్చోబెట్టి మమ్మల్ని నవ్వించావు. రెండు, మూడు పాదాలు ఎవరైనా దిద్దారా? నిర్దోషంగా ఉన్నాయి.

మొదటి పాదం ఒక్కటే చూద్దాం. 'ఉగాది' అంటే ఉ లఘువు, గా గురువు, ది లఘువు. ఆటవెలది మొదటి గణం సూర్యగణం కావాలి. అంటే మూడు లఘువులు గానీ, గురువు–లఘువు గానీ. లఘువు–గురువు–లఘువుతో మొదలుపెడితే ఎటూ కుదరదు. ఉగాది పద్యాల్లో ఏటా ఎంతోమంది జారేది ఈ మెట్టు మీదే. ముందు ఒక గురువుని తెచ్చి పెట్టు: 'ఈ యుగాది'. ఇప్పుడు 'ఈయు' ఒక గణం, 'గాది' ఇంకో గణం. మాట మధ్యలో గణం విరిగితే ఏం ఫర్వాలేదు.

ఈ యుగాది నాఁడు నెక్కితి వేపపైఁ

'నాఁడున్ + ఎక్కితి', ఈ–ఎ స్వరయతి కూడా వచ్చేసింది. చివర 'వేపపైఁ' అని ద్రుతం ఉంటేనే నీ రెండో పాదంలో 'బూత' అవుతుంది.

కూకట్‌పల్లి తమ్ముడు:
'బూత' ఎందుకయిందో తెలియకుండానే రాశాను అన్నా, చెవికి బాగుందని.

మెహదీపట్నం మాస్టారు:
చెవి ఉంది. మిగతాది వస్తుంది.

నల్లకుంట అల్లుడు:
నాది స్వానుభవం. హైదరాబాదులో మా గడ్డి కూలర్ రాజాలా పనిచేస్తుంది. అత్తగారు ఉక్కపోత అంటున్నారని బాపట్లకి ఒకటి మోసుకెళ్ళాను.

అత్తవారి యూరి కల్లుఁడు గొనిపోయెఁ
గూలరొకటి, నీళ్ళు గుమ్మరించి
మీట నొక్కినంత మేనెల్ల జిగటాయెఁ
జెలఁగి గాలి వీచఁ జెమట పట్టె.

వనస్థలిపురం బాబాయి:
హహ్హా! నా పద్యంలో కడలి చేసిన పని నీ పద్యంలో కూలర్ చేసింది.

నిర్వహణ:
నిజానికి ఇది బాబాయి పద్యానికి తోబుట్టువే. మన ఊరు సముద్రానికి దూరం, పైగా పీఠభూమి మీద సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది. గడ్డిలో నీరు ఆ పొడిగాలికి ఆవిరై గదిని చల్లబరుస్తుంది. తీరంలో గాలికి ఆ దాహం ఉండదు. కూలర్ ఉన్న తేమకి ఇంకాస్త తేమ కలుపుతుంది, అంతే. వాతావరణ శాఖ వడగాలుల లెక్కలో కూడా ఈ తేడా ఉంది. మైదానాల్లో కనీసం 40 డిగ్రీలకి చేరితే గానీ లెక్కలోకి తీసుకోరు, తీరంలో 37 డిగ్రీలకే చూస్తారు.

'కూలరు' పద్యంలో ఎక్కడా గుచ్చుకోలేదు. 'జిగటాయె' అన్నది ఈ వారం వచ్చిన మాటల్లో నాకు బాగా నచ్చింది. ఇంతకీ కూలర్ ఏమైంది?

నల్లకుంట అల్లుడు:
మా మామగారు అందులో పాత పేపర్లు పెట్టుకున్నారు.

నిర్వహణ:
ఇక నా పూరణ. గురువారం చినగంజాం వెళ్ళాను, మా బావమరిది స్నేహితుడి ఉప్పు కొఠారుకి (ఉప్పు పండించే చోటు). కయ్యల్లో (ఉప్పు మడుల్లో) నీళ్ళు చిక్కబడి, అంచుల్లో తెల్లగా పేరుతోంది. చేత్తో తీస్తే పలుగురాళ్ళలా గరగరలాడింది. సాయంత్రం నాలుగింటికి మబ్బేసింది. ఊళ్ళో అందరూ 'హమ్మయ్య, చల్లబడింది' అంటుంటే, అక్కడ నలుగురు మనుషులు తాటాకులు పట్టుకుని ఉప్పు రాశుల మీదికి పరుగెత్తారు. రాశిని కప్పొచ్చు, కయ్యని ఎలా కప్పుతారు? వాన పడితే పేరిన ఉప్పు కరుగుతుంది, చిక్కబడ్డ నీరు పలచనవుతుంది, మళ్ళీ ఎండబెట్టుకోవాలి.

ఉప్పు మడులలోన నుదకమ్ము పేరఁగా
మబ్బు లెగసి వచ్చె మాపు వేళఁ
జినుకు పడినఁ జాలు సిరియె నీరౌనంచుఁ
జెలఁగి గాలి వీచఁ జెమట పట్టె.

మెహదీపట్నం మాస్టారు:
'సిరియె నీరౌనంచు' బాగుంది. సిరి నిజంగానే నీరవుతోంది కాబట్టి ఆ మాటకి ప్రాణం వచ్చింది. మొదటి పాదంలో 'ఉదకమ్ము' ఎందుకు? కొఠారులో ఎవరైనా ఉదకం అన్నారా? పైగా పేరేది ఉప్పు, నీరు కాదు.

రామంతపూర్ అక్కయ్య:
వంటింటి మాట పనికొస్తుందా మాస్టారూ? 'ఇగురు'. కూరలో నీరు ఇగిరినట్టే కదా ఉప్పునీరు ఇగిరేది.

ఉప్పు మడులలోన నుప్పునీ రిగురఁగా

'నుప్పునీ' రగణం (గురువు–లఘువు–గురువు), 'రిగురఁగా' నగం (మూడు లఘువులు, ఒక గురువు). ఉ–ఉ యతి.

నిర్వహణ:
రెండు 'ఉప్పు'లు వచ్చినా నాకు ఇబ్బందిగా లేదు. అక్కడ ఎటు చూసినా ఉప్పే. పాదం మార్చేశాను అక్కయ్యా. ఆ కయ్యల చుట్టూ తిరిగి, రొయ్యల ఇగురు రెండు పూటలా తిని, ఆ మాట నాకు తట్టలేదు!

నలుగురు అడిగారు గనక చెబుతున్నా. గురువారం వాన పెద్దది కాలేదు. నాలుగు చినుకులతో పోయింది. ఒక కయ్య మాత్రం పలచబడిందట.

ఈ వారానికి నా ఓటు అక్కయ్య పడవ పద్యానికి. రెండోది ఏదని అడిగితే కూలరుకీ బాబాయి మిద్దెకీ మధ్య తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే వారం సమస్య మాస్టారు ఇస్తారు, అందులో యతి తప్పదు.

కూకట్‌పల్లి తమ్ముడు:
అన్నా, దిద్దిన పద్యం మా నాన్నమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. పద్యం సంగతి తర్వాత, ఆ కొమ్మ ఎందుకెక్కావురా అని తిట్టింది. నిజానికి నేను సగం దాకా ఎక్కి దిగిపోయాను. పూత పక్కింటివాళ్ళు ఇచ్చారు.