4294967297 ని 641 భాగిస్తుందని భాగహారం చేయకుండా తెలుస్తుందా?

ప్రశ్న:
2కి 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి 1 కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇలా ఎంత దూరం వెళ్ళినా ప్రధాన సంఖ్యలే వస్తాయని ఫెర్మా నమ్మాడు. తర్వాతది 2^32 + 1, అంటే 4294967297. రెండు రోజులుగా దీన్ని వరుసగా ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ 400 దాటాను, ఒక్కదానితోనూ పోలేదు. 641తో పోతుందని 1732లోనే ఆయిలర్ చెప్పాడట. ఆయన కూడా ఇలాగే ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాడా?

జవాబు:
లేదండీ. ఆయన తర్వాత రాసిన వివరణ ప్రకారం, దీని ప్రధాన భాజకం ఏదైనా సరే 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. ఎందుకంటే 2 ఘాతాలని ఆ భాజకంతో భాగిస్తూ పోతే శేషాలు సరిగ్గా 64 అడుగులకొకసారి మళ్ళీ మొదటికి వస్తాయి, ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం భాజకంలోంచి 1 తీసేస్తే మిగిలేదాన్ని ఆ 64 నిశ్శేషంగా భాగించాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో భాగహారానికే దొరికేసింది! సిద్ధాంతం ఫెర్మాదే, అయినా 641 ఆయన కంట పడలేదు, అదే నాకు బాధ.

ఇంకో జవాబు:
మీరడిగింది భాగహారం లేకుండా కదా, ఇది చూడండి. 641 = 5×2^7 + 1. అంటే 641తో భాగిస్తే వచ్చే శేషాల లెక్కన 5×2^7 విలువ -1 (640 అంటే 641కి ఒకటి తక్కువ కదా), దాని నాలుగో ఘాతం 5^4×2^28 విలువ 1. అదే 641ని 5^4 + 2^4 అని కూడా రాయొచ్చు (625 + 16), కాబట్టి 5^4 బదులు -2^4 పెట్టేయండి. -2^32 విలువ 1 అయింది, అంటే 2^32 + 1 శేషం సున్నా. మొదటిసారి ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరో జవాబు:
64 కాదు, 128 పెట్టినా శేషం 1 అనే నియమం నిలుస్తుంది, అది లుకాస్ చూపించాడు. అప్పుడు 641 లోపు మిగిలే ప్రధాన సంఖ్య 257 ఒక్కటే. 641తో భాగిస్తే వచ్చే రెండో భాజకం 6700417 కూడా ప్రధాన సంఖ్యే, దాని వర్గమూలం 2589 లోపే కాబట్టి 641, 769, 1153, 1409 ఈ నాలుగింటితో చూస్తే చాలు. పక్కనే ఉన్న 4294967295 ని కూడా వదలకండి, అది 3×5×17×257×65537, మీరు పైన రాసిన ఐదింటి లబ్ధమే.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే కాగితం మీద ఆ నాలుగు భాగహారాలూ చేశాను. శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. అందరికీ చాలా థాంక్స్.