ఒంటి నిండా గార్టర్ కుట్టే అల్లితే అది నేర్చుకునేవాళ్ల పనేనా?

ఊలుబంతి:
పసిపాపకు గార్టర్‌తోనే కోటు అల్లి ఫొటో పెడితే, "ఇంకా మొదటి పాఠం దాటలేదా?" అని ఒకరు అడిగారు. గార్టర్ అంటే ప్రతి వరుసా నిట్, అంటే అల్లికలో మొదట నేర్పే మామూలు కుట్టే, కాబట్టి ఇది చేతకానివాళ్ల పని అట. నా వాదన ఒక్కటే. గార్టర్ నేర్చుకోవడం సులువు, బాగా అల్లడం సులువు కాదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ (1910–1999) అల్లికలో ఎంత పేరున్న మనిషో తెలిసిందే. 1968లో ఆవిడ రూపొందించిన పసిపిల్లల కోటు మొత్తం గార్టరే. ఒకే ముక్కగా అల్లి, మడతపెట్టి, రెండు చోట్ల కుడితే కోటు తయారవుతుంది. ఆవిడను కూడా మొదటి పాఠంలో కూర్చోబెడదామా?

రెండుసూదులు:
పెద్దవాళ్ల పేర్లు చెప్పి నోరు మూయించకండి. గార్టర్‌తో నా గొడవ వేరు. 20 కుట్ల వెడల్పుతో చదరం అల్లాలంటే స్టాకింగ్‌లో (ఒక వరుస నిట్, తర్వాతి వరుస దాన్ని తిరగేసినట్టుండే పర్ల్ కుట్టు) 28 వరుసలు సరిపోతాయి, గార్టర్‌లో సుమారు 40 కావాలి. ఊలు అంత ఎక్కువ తింటుంది. పైగా మందం. విజయవాడలో దాన్ని ఎవరు తొడుక్కుంటారు? పెద్దవాళ్ల స్వెటర్ అయితే ఇంకా ఘోరం, బరువుకు సాగి నాలుగు ఉతుకులకే మోకాళ్ల దాకా దిగుతుంది. పర్ల్ రాని వాళ్లు దీన్ని కళ అని పొగడటం ఈమధ్య ఎక్కువైంది.

ఊలుబంతి:
సాగుతుందన్నది నిజం, ఒప్పుకుంటాను. గార్టర్ అల్లే దిశలో, అంటే నిలువుగా, బాగా సాగుతుంది. అందుకే పెద్దవాళ్ల స్వెటర్‌ను కింది నుంచి పైకి కాకుండా ఒక పక్క నుంచి మరో పక్కకు అల్లాలి. అప్పుడు గట్లు, అంటే గార్టర్ మీద ఉబ్బెత్తుగా కనిపించే గీతలు, నిలువుగా నిలబడతాయి, సాగే గుణం ఒంటి చుట్టూ తిరుగుతుంది. సాగాల్సింది అక్కడే కదా!

ఇక సూది సంగతి. ఊలు చుట్ట మీది చీటీలో ఇచ్చే కొలత మామూలుగా స్టాకింగ్ కోసం. అదే సూదితో గార్టర్ అల్లితే బట్ట వదులుగా, నీరసంగా వస్తుంది. ఒక సైజు సన్నం చేసి చూడండి, గట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. మీరు చూసిన మోకాళ్ల దాకా దిగిన స్వెటర్లు లావు సూదివేమో.

లెక్క విషయంలో దీన్ని మించింది లేదు. రెండు వరుసలకు ఒక గట్టు, గట్లు లెక్కపెడితే చాలు. 20 కుట్లకు 20 గట్లు అయితే దాదాపు చదరం. మూలలు తిప్పే డిజైన్లు గార్టర్‌లో అంత చక్కగా కుదరడానికి కారణం ఇదే. ముందువైపు ఏదో గుర్తుండటానికి ఒక పిన్నీసు గుచ్చితే సరి, రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ గుర్తు కావాలి. రంగు మార్చేటప్పుడు అది మరీ ముఖ్యం. ముందువైపు వరుసలోనే మార్చాలి, వెనకవైపు వరుసలో మారిస్తే రెండు రంగుల చుక్కల గీత ముందుకు వచ్చి కూర్చుంటుంది.

సాయంత్రం_అల్లిక:
అంచు గురించి ఎవరూ మాట్లాడరేం? గార్టర్ అందం అంతా అంచులోనే ఉంది. ప్రతి వరుసలో మొదటి కుట్టును అల్లకుండా, ఊలును ముందుకు ఉంచి, పర్ల్ వేసేటట్టు సూది దూర్చి పక్క సూదికి మార్చాలి. ఊలును వెనక్కి తీసుకుని మిగతా కుట్లు నిట్ వేయాలి. అంచు పొడవునా గట్టుకొకటి చొప్పున గొలుసులా కుట్లు వస్తాయి. తర్వాత ఆ గొలుసు నుంచి మెడపట్టీకి కుట్లు ఎత్తుకోవడం ఎంత హాయో.

రెండుసూదులు:
శాలువాకు సరే. రెండు ముక్కలు కలిపి కుట్టాల్సిన చోట మాత్రం వద్దు, ఆ గొలుసు వదులైపోయి కుట్టు దగ్గర బొక్కలు కనిపిస్తాయి. అక్కడ మొదటి కుట్టును మామూలుగా అల్లడమే మేలు. మరో మాట: స్టాకింగ్ అంచు చుట్టుకుపోతుందని పక్కన ఆరు కుట్లు గార్టర్ వేస్తారు చూడండి, దాని వరుసలు పొట్టి కాబట్టి ఆ పట్టీ పైకి లాగేస్తుంది. దీనికేం చెబుతారు?

ఊలుబంతి:
పట్టీ వరకే అప్పుడప్పుడు రెండు వరుసలు అదనంగా వేయండి. ముందువైపు పట్టీ కుట్లు అల్లి, అక్కడే తిప్పి, వెనక్కి వచ్చి, మళ్లీ మొత్తం వరుస. ఎన్ని వరుసలకోసారి అన్నది మీ చేతి బిగువును బట్టి ఉంటుంది, చిన్న ముక్క అల్లి చూసుకోవాలి. అంచు, కుట్టే చోటు విషయం మీరన్నదే సరి.

డల్లాస్_నుంచి:
ఒక సైజు సన్నం అన్నారు, జాగ్రత్త. ఇండియా సూదుల మీద పాత బ్రిటిష్ నంబర్లుంటాయి, అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. మన 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, అమెరికా 8 అయితే 5. మా అత్తయ్య చెప్పిన నంబరుతో ఇక్కడ సూదులు కొంటే స్వెటర్ గుడారమే. మిల్లీమీటర్లలో మాట్లాడుకుందాం.

కొత్తసూది:
మరి టోపీ? వృత్తాకార సూది మీద తిప్పుతూ అల్లితే గార్టర్ రావట్లేదండీ, స్టాకింగ్ వస్తోంది.

రెండుసూదులు:
రాదు మరి. బట్టను వెనక్కి తిప్పం కాబట్టి ఒక చుట్టు నిట్, ఒక చుట్టు పర్ల్ వేయాలి. పర్ల్ రానక్కర్లేదన్న ముచ్చట అక్కడితో సరి.

ఊలుబంతి:
కొత్తసూది గారూ, పర్ల్ నేర్చుకోండి, ఎలాగూ కావాలి. ఈ టోపీని మాత్రం మామూలు సూదుల మీద అడ్డంగా అల్లండి. టోపీ ఎత్తుకు సరిపడా కుట్లు ఎక్కించి, తల చుట్టుకొలత కంటే కాస్త తక్కువ వచ్చేదాకా గట్లు వేసి, రెండు చివరలూ కలిపి కుట్టి, పైన దారం లాగి ముడివేయండి.