గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో మళ్లీ కట్టెలు కాల్చవచ్చా?

నల్లకుంట నుంచి: ఒహాయోలో మా తమ్ముడు పాత ఇల్లు కొన్నాడు. హాల్లో ఫైర్‌ప్లేస్ ఉంది. ముందున్నవాళ్లు అందులో సిరామిక్ దుంగలు పెట్టి గ్యాస్ మంట పెట్టించుకున్నారు. వాడికి కట్టెల మంటే కావాలట. ఇక్కడ అమ్మకు ఒకటే టెన్షన్. మీరేమంటారు?

మలక్‌పేట నుంచి: భయమెందుకు? గ్యాస్ కట్టేసి కట్టెలు పేర్చుకోవడమే. మా నానమ్మ జీవితమంతా కట్టెల పొయ్యి మీదే వండింది.

మియాపూర్ నుంచి: మలక్‌పేట అన్నా, ఈ మాట నేను అస్సలు ఒప్పుకోను. నానమ్మ వంటింట్లో పొగ పెంకుల సందుల్లోంచి పోయేది. అక్కడ చలికి కిటికీలన్నీ బిగించి ఉంటాయి, ఇళ్లేమో ఎక్కువగా చెక్కతో కట్టినవి. పొగకు చిమ్నీ ఒక్కటే దారి. ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాం, మేమూ ఇదే ఆశపడ్డాం. తనిఖీకి వచ్చినతను చిమ్నీలోకి కెమెరా దింపితే, లోపలి మట్టి గొట్టంలో జానెడు బీట! దాని వెనక ఇటుక, ఇటుకను ఆనుకుని చెక్క దూలం. ఆ వీడియో చూశాక మా ఆవిడ మళ్లీ కట్టెల మాట ఎత్తలేదు.

నల్లకుంట అన్నా, అది కట్టెల కోసమే కట్టిన ఇటుక ఫైర్‌ప్లేసా, గ్యాస్ కోసం చేసిన రేకు పెట్టెనా, ముందు అది తేల్చండి. రేకు పెట్టె అయితే ఆశ వదులుకోవాల్సిందే. దాని గొట్టం గ్యాస్ వేడికే పనికొస్తుంది. కట్టెల పొగకు చిమ్నీలో తారులాంటి మసి పేరుకుంటుంది. అది అంటుకుంటే వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు.

ఇటుకదే అయితే చేయించుకోవచ్చు. ఇంధనం మార్చేటప్పుడు కెమెరా తనిఖీ చేయించాలని అక్కడి అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 నంబరు ప్రమాణమే చెబుతోంది. గ్యాస్ లైన్‌ను లైసెన్స్ ఉన్న ప్లంబరే మూసేయాలి. చిమ్నీ దారిని మూసే రేకు తలుపు, అదే డ్యాంపర్, పూర్తిగా మూసుకోకుండా గ్యాస్ కోసం క్లిప్ పెడతారు, అదీ తీయించాలి. పొయ్యి ముందు కనీసం 16 అంగుళాలు రాయో ఇటుకో ఉండాలి. కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి, పచ్చివైతే మసి ఇంకా ఎక్కువ. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా మాత్రం అగ్గిపుల్ల గీయొద్దని చెప్పండి.

తార్నాక నుంచి: ఇంత తిప్పలెందుకు బాబూ? ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ పొగ అసలే మంచిది కాదు. గ్యాసే ఉంచుకోమను.

మలక్‌పేట నుంచి: పొయ్యికీ చిమ్నీకీ తేడా ఉందని ఒప్పుకుంటా. కానీ ఆంటీ, కట్టెల మంట ముందు కూర్చున్న హాయి గ్యాస్‌లో రాదు.

నల్లకుంట నుంచి: తమ్ముడు ఫోటో పంపాడు. లోపలంతా ఇటుకే, డ్యాంపర్‌కు క్లిప్ కూడా కనిపిస్తోంది. తనిఖీ అయ్యేదాకా కట్టె ముట్టించనని అమ్మకు ఫోన్లో మాటిచ్చాడు.