ఆకుల్లో పిట్ట బైనాక్యులర్‌కి దొరకట్లేదు

ఈ శరదృతువులో నాలుగు ఆదివారాలుగా బృందంతో కలిసి పార్కులో పక్షులు చూడ్డానికి వెళ్తున్నాను, ఉదయం 6:30 నుంచి 8:30 దాకా. ఎవరైనా "అదిగో, పైకొమ్మ మీద" అనగానే ఉత్త కళ్లకి పిట్ట కనిపిస్తుంది. బైనాక్యులర్ ఎత్తేసరికి అన్నీ పండుటాకులే! పైగా సొరంగంలోంచి చూసినట్టు ఇరుగ్గా ఉంటుంది.

నాది 8×42 (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.), ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనిపించాలంటే కంటి వైపు అద్దానికి కన్ను ఉండాల్సిన దూరం) 14 మి.మీ. కళ్లజోడు ఉంది. ఐకప్స్ (కంటి వైపు ఉండే తిప్పే అంచులు) పూర్తిగా లోపలికి తిప్పేశాను. ఎడమ కంటికి మధ్య చక్రంతో, కుడి కంటికి డయాప్టర్‌తో (ఆ ఒక్క కంటికే ఫోకస్ మార్చే రింగు) విడివిడిగా ఫోకస్ సరిచేశాను. పిట్ట మీంచి చూపు తిప్పకుండా ఎత్తడమూ సాధన చేశాను. కదలకుండా నిలబడ్డ కొంగ దొరుకుతుంది, గెంతే పిట్ట దొరకదు. కళ్లజోడు తీస్తే దృశ్యం వెడల్పవుతుంది గానీ, అసలు పిట్ట ఎక్కడుందో తెలియదు.

కళ్లజోడు వాడేవాళ్లు చెప్పండి: ఇది ఐ రిలీఫ్ చాలకపోవడం వల్లేనా, లేక నేను పట్టుకునే తీరులో తప్పా?